ఆఖరికి సోనాబాయి లంబాడీ కాదని తేలుతది

పోస్టు జర పెద్దగ ఉంటది, ఓపికతోటి చదవున్రి.

మాది దేవరకొండ దిక్కు ఒక తండా. మా ఇంట్ల పదో తరగతి దాటిన మొదటి పిల్లను నేనే. ఇప్పుడు నల్లగొండల హాస్టల్‌ల ఉండి బి.ఏ. ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతున్న. మాకు ఒక ప్రశ్న ఉంది: తొలి అమెరికన్ నవలలు అదే కాలపు ఇంగ్లిష్ నవలలకంటే ఎట్ల వేరు? మార్కుల కోసం చదివే ప్రశ్నే, కానీ దీంట్ల మన ముచ్చట చాలా ఉంది.

ముందు ఇంగ్లండ్ సంగతి. జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813ల వచ్చింది. అందులో ఊరు ఎప్పుడో కుదురుకున్న ఊరు. ఎవరి ఆస్తి ఎంత, ఎవరు ఎవరితోటి మాట్లాడొచ్చు, అన్నీ ముందే తేలిపోయినయి. తండ్రి ఎస్టేట్ ఆడపిల్లలకు రాదు కాబట్టి పెండ్లి అంటే బతుకుదెరువు ప్రశ్న. కథంతా బంగ్లాలల్ల, డాన్సులల్ల, ఉత్తరాలల్ల నడుస్తది.

అమెరికాల రాసేటోళ్లకు ఈ సామాను లేదు. రాజులు లేరు, పాత కోటలు లేవు. మొదటి అమెరికన్ నవల అని చెప్పే 'ద పవర్ ఆఫ్ సింపతీ' (1789) ఇంగ్లిష్ నవలల లెక్కనే ఉత్తరాల రూపంలో ఉంటది. పదేండ్లకు, 1799ల, చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ 'ఎడ్గర్ హంట్లీ' ముందుమాటలో దారి మార్చిండు. పాత కోటలు, భ్రమలు పక్కన పెట్టి, ఈ దేశపు అడవిని, ఇండియన్లతోటి కొట్లాటలను రాయాలె అన్నడు. ఇంకో సంగతి ఏందంటే, 1891 దాకా పరదేశపు రచయితలకు అమెరికాల కాపీరైట్ లేదు. ఇంగ్లండ్ నవలను అక్కడి ప్రెస్సులు రచయితకు పైసా ఇయ్యకుండనే అచ్చేసుకోవచ్చు. గట్లాంటప్పుడు సొంత దేశం రచయిత పుస్తకం అమ్ముడుపోవాలంటే ఇంగ్లండ్‌ల దొరకని సరుకు కావాలె. ఆ సరుకే అడవి, ఇండియన్లు. అంటే మనసొంటోళ్లు.

జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 'ద పయొనీర్స్' (1823) చూడున్రి. నాటీ బంపో అనే ముసలి వేటగాడు ఎన్నో ఏండ్లుగా అడవిల బతుకుతున్నడు. కొత్తగ ఊరు కట్టినోళ్లు వేట చట్టం తెచ్చిన్రు. కాలం కాని కాలంల ఒక జింకను కొట్టిండని గుడిసె సోదా చేయనీకె వస్తరు. ఆయన అడ్డం తిరుగుతడు, ఆఖరికి జైలుకు పోతడు. ఈ ముక్క చదువుతుంటే నాకు అమ్రాబాద్ అడవిల చెంచులు యాదికొచ్చిన్రు. ఇట్లాంటి ముచ్చట ఆస్టిన్ నవలల ఉండదు. అడవి ఎవరిది అన్న ప్రశ్న అమెరికన్ నవల ఎత్తుకుంది. నిజంగ పెద్ద తేడా ఇదే.

కానీ ఆ ప్రశ్న అడిగే నాటీ తెల్లోడు. అసలు ఆ నేలకు హక్కుదారుడైన చింగాచ్‌గుక్ అనే ఇండియన్, తాగుడుకు అలవాటు పడ్డ ముసలోడు, అడవి అంటుకున్నప్పుడు సచ్చిపోతడు. ఆలివర్ అనే పిలగాడు ఒకడుంటడు. ఆయనల ఇండియన్ రక్తం ఉందని అందరు అనుకుంటరు. జడ్జి బిడ్డ ఎలిజబెత్‌తోటి జతకుదురుతడు. ఆఖరికి ఏం తేలుతది? ఆయన ఇండియన్ కాడు, పెద్దింటి తెల్లోళ్ల వారసుడు. అప్పుడు పెండ్లి అయితది.

ఈ చివరి మలుపు కూపర్ సొంతంగ పుట్టించింది కాదు. ఫీల్డింగ్ 'టామ్ జోన్స్' (1749)లనే దొరికిన పిల్లగాడు పెద్దింటి రక్తమని తేలుతది. ఇంగ్లండ్‌ల అది గొప్ప బీద ముచ్చట. అమెరికాకు పోయేసరికి రంగు ముచ్చట అయింది. నేల కొత్తది, ముగింపు పాతదే.

ఇంక మన దగ్గరికి వద్దాం. 1872ల నరహరి గోపాలకృష్ణమ శెట్టి 'శ్రీ రంగరాజ చరిత్ర' రాసిండు. దానికి 'సోనాబాయి పరిణయము' అని ఇంకో పేరు. మొదటి తెలుగు నవల ఇదే అని కొందరు, 1878ల మొదలైన వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' అని ఇంకొందరు అంటరు. వీరేశలింగం గోల్డ్‌స్మిత్ ఇంగ్లిష్ నవల 'ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' (1766) చూసుకొని రాసిండు, కథను మాత్రం ధవళేశ్వరం తెచ్చిండు. నా మనసు ఆగింది సోనాబాయి దగ్గర. మా తండాల ఆ పేరు పిలిస్తే ఇద్దరు పలుకుతరు. తెలుగు నవల పుట్టిన రోజులల్లనే నాయిక లంబాడీ పిల్ల! సంబురపడ్డ. తర్వాత కథ తెలిసింది. రంగరాజు ఆమె మీద మనసు పడతడు. ఆఖరికి ఆమె పుట్టుకతోటి లంబాడీ కాదు, లంబాడీల దగ్గర పెరిగిన పెద్దింటి పిల్ల అని తేలుతది. అప్పుడు పెండ్లి.

ఆలివర్‌కు, సోనాబాయికి నడుమ సముద్రాలున్నయి, యాభై ఏండ్లున్నయి. మలుపు ఒక్కటే. అడవి బిడ్డ కథల ఉండొచ్చు, అందంగ ఉండొచ్చు, ఇష్టపడొచ్చు. అడవి బిడ్డగనే ఉండి పెండ్లిపీట దాకా రాకూడదు.

ఇది పాత పుస్తకాల ముచ్చట అనుకోకున్రి. "నువ్వు చూస్తే లంబాడీ లెక్కనే లేవు" అని నాకు ఎందరో మెప్పుగనే చెప్పిన్రు. మీకు కూడా చెప్పే ఉంటరు. చెప్పేటోళ్లు మంచోళ్లే. కానీ ఆ మాట కూడా సోనాబాయి ముగింపే. నేను నేను కాకపోతేనే నన్ను ఒప్పుకుంటరన్నట్టు.

ఈ ముగింపు ఎప్పుడు మారుతది? రాసే చెయ్యి మారితే మారుతది. మన జిల్లాలనే సాక్ష్యం ఉంది. నకిరేకల్ దిక్కు పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఇండ్లల్ల వంటపని చేసుకుంట చదువు నేర్చుకున్నడు. పెద్దయినంక దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసిండు, జైలుకు పోయిండు, 'ప్రజల మనిషి' నవల రాసిండు. అందులో దొర ఊరిని ఎట్ల తొక్కుతడో కింది నుంచి కనబడుతది. కంఠీరవం ఎవరో పెద్దింటి వారసుడని తేలితేనే మనిషైతడు అన్న మలుపు అక్కడ అవసరం పడలేదు.

అమెరికాల జాన్ రోలిన్ రిడ్జ్ అనే చెరోకీ పిలగాడు 1854ల నవల రాసిండు. ఇండియన్ రాసిన మొదటి నవల అదే అంటరు. నాయకుడు ఇండియన్ కాడు, కాలిఫోర్నియాల భూమి, మానం పోగొట్టుకొని తిరగబడ్డ మెక్సికన్. కానీ నేల గుంజుకుంటే ఎట్లుంటదో రిడ్జ్‌కు ఇంట్లనే తెలుసు. చెరోకీలను 1838ల వాళ్ల సొంత నేల మీద నుంచి పడమటికి తరిమిన్రు.

మనకు కథలు తక్కువనా? తెలంగాణ సాయుధ పోరాటంల, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాల, ధర్మాపురం తండా లంబాడీలు విసునూరు దేశ్‌ముఖ్‌తోటి భూమి కోసం కొట్లాడిన్రు. చెంచుల మీద హైమెన్‌డార్ఫ్ 1943ల పెద్ద పుస్తకమే రాసిండు. అది బయటి నుంచి వచ్చి చూసినాయన రాసింది. గుడిసె లోపల కూసున్నోళ్లు రాస్తే ఇంకో తీరుగ ఉంటది.

నవల రాయమని ఎవరినీ అంటలేను, నాకే రాదు. కానీ ఈ సెలవులల్ల తండాకు, పెంటకు పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. యాడి దగ్గరనో తాత దగ్గరనో కూసోని, మన తండా ఇక్కడికి ఎట్లొచ్చింది, మొదటి గుడిసె ఎవరేసిన్రు, భూమి ఎట్ల దొరికింది, ఎట్ల పోయింది, అడిగి ఫోన్‌ల రికార్డు చేద్దాం. గోర్ బోలిల చెప్తే గోర్ బోలిలనే, తెలుగు అక్షరాలతోటి రాసి ఇక్కడ పెట్టున్రి. చెంచు తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ముచ్చట మీరే రాయున్రి, మా నోటితోటి కాదు. నేను మా తండా పేరు కథతోటి మొదలుపెడత. వచ్చే ఆదివారం పోస్టు చేస్త.