కడప కొండల్లో ఓ ఒంటరి కథానాయిక

యుగళగీతం అనగానే మన కెమెరా ఊటీకో, కొడైకెనాల్‌కో పరిగెత్తడం మీకు తెలిసిందే. బారులు తీరిన పైన్ చెట్లు, వాటి మధ్య నాయికానాయకుల దోబూచులాట! తమాషా ఏమిటంటే ఆ పైన్లు అక్కడ పుట్టినవి కావు, తెచ్చి నాటినవి. దక్షిణాదిన తనంతట తాను మొలిచే శంకువృక్షం నాగియా ఒక్కటే. అదీ పడమటి కనుమల తడి అడవుల్లోనే.

"మరి మన సీమకేమీ లేదా?" అన్నాను. "దాని దాయాది ఉంది, పద" అన్నాడు కడప మిత్రుడు.

అటవీశాఖ అనుమతి తీసుకుని, రైల్వే కోడూరు దాటి బాలపల్లె దగ్గర శేషాచలం అడవిలో అడుగుపెట్టాం. వెంట ఓ ముసలి వాచర్. ఎర్రచందనం చెట్లు దాటి, రాళ్లూ ఎండుగడ్డీ ఉన్న వాలు ఎక్కేసరికి నా పని అయిపోయింది. తీరా చూస్తే పొట్టి మొక్కలు!

"ఇవి ఈతచెట్లే కదా?" అన్నాను నీరసంగా.

"ఈత గాదు సామీ, పేరీత" అన్నాడాయన.

శాస్త్రజ్ఞులు దీన్ని సైకస్ బెడ్డోమీ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో పెట్టిన పేరది. పైన్ లాగే ఇదీ పువ్వు పూయకుండానే విత్తనం కడుతుంది. వంశం డైనోసార్ల కాలం నాటిది. సొంత ఊరు మాత్రం ఈ తిరుపతి-కడప కొండలే. వేసవిలో గడ్డి అంటుకుంటే ఆకులు మాడిపోతాయి, మొద్దు బతుకుతుంది, మళ్లీ పచ్చగా చిగురిస్తుంది. మొండిఘటం!

మరి నిప్పుకి చావనిది దేనికి తగ్గిపోతోంది? ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదానికి నడినెత్తిన జానెడు పైచిలుకు శంకువు లేస్తుంది. బలానికీ, ఒంటినొప్పులకీ మందని దాన్ని కోసి అమ్ముకుంటారు. పుప్పొడి పోతే విత్తనమెక్కడిది? అంతర్జాతీయ వ్యాపారం కూడదని సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలో చేర్చారు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు కూడా అయింది. అయినా కొండ మీద కత్తికి జాబితాలు తెలుస్తాయా?

వాచర్ ఓ మగ మొక్క చూపించాడు. నడినెత్తిన కోసిన గాటు. పది అడుగుల దూరంలో ఆడ మొక్క, నిండా లేతాకులతో.

"అది కాచుకోనుంటాది సామీ, పాపం" అన్నాడు.

ఈసారి తెర మీద పైన్ చెట్లు కనిపిస్తే, ఈ కొండవాలు మీది కథానాయికను కూడా ఓసారి తలచుకోండి. బలం మందంటూ ఎవరైనా ఆ శంకువు అమ్మజూపితే మాత్రం, దయచేసి కొనకండి.