నాయనమ్మ పోపు

మా తమ్ముడికి ఆరేళ్ళప్పుడు కామెర్లు వచ్చాయి. మా నాయనమ్మ పథ్యం విషయంలో బహు గట్టి మనిషి. జబ్బు తగ్గినా, నెలల తరబడి వాడికి నూనె, నెయ్యి తగలనివ్వలేదు. మునగాకు, తోటకూర ఉప్పువేసి ఉడికించి, చప్పిడిగా అన్నంలో కలిపి పెట్టేది.

ఒకనాటి సాయంకాలం వాడు వాకిట్లో ఉన్న బిందె కనబడక, తన్నుకొని పడ్డాడు. మర్నాడు గడప తట్టుకున్నాడు. దీపాలవేళ అయితే చాలు, గోడ పట్టుకొని నడిచేవాడు. రేచీకటి!

"రోజూ ఆకుకూరే పెడితిని గదయ్యా!" అని నాయనమ్మ డాక్టరుగారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

ఆయన వాడికి విటమిన్-ఎ మందు పట్టించి, ఆమెతో ఇలా అన్నారు: "అమ్మా, ఆకుల్లో ఉండేది విటమిన్ కాదు, కెరోటిన్. దాన్ని మన పేగులు విటమిన్‌గా మార్చుకోవాలి. అది నీళ్ళలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. నూనె తగలకపోతే చాలావరకు వచ్చినదారినే పోతుంది. పూటకొక చెంచాడు చాలు."

పెద్దయ్యాక నేనొక లెక్క చదివి ఆశ్చర్యపోయాను. నూనెలో కరిగిన కెరోటిన్ 2 మైక్రోగ్రాములైతే, 1 మైక్రోగ్రాము విటమిన్‌తో సమానం. కూరలోదైతే 12 కావాలి! 2001లో అమెరికాలో ప్రకటించిన లెక్క ఇది. ఆకు కణాల గోడలు దాన్ని అంత గట్టిగా పట్టుకుంటాయి. ఉడికించి మెత్తగా మెదిపితే కొంత వదులుతుంది.

తమ్ముడికి కొద్దిరోజుల్లోనే చూపు వచ్చింది. అది మందు గుణమని డాక్టరుగారు ఎంత చెప్పినా, మునగాకులో నువ్వులనూనె పోపు వేస్తూ, "కాదు, నా పోపే!" అనేది నాయనమ్మ.