తకాహాషి గెలిచిన పందెం

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో పుస్తకంగా తెచ్చిన తన బడి కథ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. వేరే బడివాళ్లు మాన్పించిన చిన్నారి తెత్సుకో కబుర్లను ఈ బడి హెడ్మాస్టరు కొబయాషి గంటల తరబడి విన్నాడని అందరూ చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన పెట్టిన ఆటల పోటీలు. ఎదుగుదల ఆగిపోయిన తకాహాషి అనే పిల్లాడు పందేలన్నీ గెలుస్తాడు. ఒక పందెంలో గుడ్డచేప నోట్లో దూరి తోకలోంచి బయటపడాలి. అంత చిన్న ఒళ్లున్నవాడికి అదెంత పని! బహుమతులు కూరగాయలు, పిల్లలు కాస్త గునిశారు కూడా.

జాలిపడి ఓ ప్రోత్సాహక బహుమతి పారేయడం తేలిక. వాడు నిజంగానే గెలిచేలా పందెం కట్టాలంటే ముందు వాణ్ణి తీరిగ్గా చూడాలి. యాభైమంది ఉన్న తరగతిలో ఆ తీరిక ఎక్కడిదంటారు మన మాస్టార్లు. అదీ నిజమే. కానీ పిల్లల్ని చిన్నబుచ్చకుండా ఉండటానికి తీరిక అక్కర్లేదు.

2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. దెబ్బకైతే వాత కనిపిస్తుంది. ‘‘నీకు చదువెక్కదురా’’ అన్నమాటకి ఏం కనిపిస్తుంది? దిద్దిన పేపర్లు పంచుతూ సున్నా మార్కుల్ని గొంతెత్తి చదవడం ఏ సెక్షన్ కిందికొస్తుందో మరి.