అన్న లీవు పెట్టాలా వద్దా: పూండి రేకుల గదిలో తొమ్మిది నెలలు

 కాస్త పొడుగు పోస్టు ఇది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేం అంటే ఇక్కడ ఇద్దరం, అన్నా తమ్ముడూ. అన్న ఇంటర్‌తో ఆపేసి హైదరాబాద్ వెళ్ళి ఓ కాల్ సెంటర్లో చేరాడు, తెలుగు ప్రాసెస్. తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్ పిల్లోడు, వయసు ఇరవై. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది వాడే. తొక్కగలిగింది అన్న పంపే డబ్బులతోనే. రాస్తున్నది తమ్ముడు. అయినా మేం అనే రాస్తున్నాం, ఎందుకంటే ఆ తొమ్మిది నెలలూ మాకు ఒకటే గది, ఒకటే హాట్‌స్పాట్. అన్నకి కాల్స్ ఎక్కువుంటే తమ్ముడికి ఆన్‌లైన్ క్లాసు లేనట్టే.

2020 మార్చి 19 నుంచి కాలేజీలు మూసేస్తున్నామని ప్రభుత్వం చెప్పగానే హాస్టల్ ఖాళీ చేయించారు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరొచ్చేశాం. మా ఊరు మెళియాపుట్టి మండలంలో కొండ కింద చిన్న సవర గూడ. రెండ్రోజులకి అన్న కంపెనీ లాప్‌టాప్ సంచిలో వేసుకుని పలాస స్టేషన్లో దిగాడు. ఆ తర్వాతి రోజే జనతా కర్ఫ్యూ. ప్యాసింజర్ రైళ్ళన్నీ ఆగిపోయాయి. ఒక్క రోజు ఆలస్యమైతే హైదరాబాద్ గదిలోనే ఉండిపోయేవాడు.

ఊర్లో సిగ్నల్ లేదు. గూడ వెనక కొండ మీద ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే రెండు గీతలు వస్తాయి. కూర్చుంటే ఒకటి. అక్కడ ఎనిమిది గంటల షిఫ్ట్ ఎలా చేస్తాం? పూండిలో మా మేనమామ ఓ కొబ్బరి తోటకి కాపలా ఉంటాడు. తోటలో ఎరువుల బస్తాలు పెట్టే రేకుల గది ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. ఏప్రిల్ నుంచి అక్కడే ఉన్నాం.

అందరూ వర్క్ ఫ్రమ్ హోమ్ అంటారు. మాకది ఇల్లు కాదు, అక్కడే వచ్చింది చిక్కంతా. మధ్యాహ్నం రేకు కాలేది, వాన పడితే అన్న చేతిని మైకుకి అడ్డం పెట్టి మాట్లాడేవాడు. ప్యాసింజర్లు లేకపోయినా గూడ్సు బళ్ళు పోతూనే ఉండేవి. పూండి స్టేషన్ హౌరా–చెన్నై మెయిన్ లైను మీద ఉంది కదా, గూడ్సు హారన్ కొడితే అవతల కస్టమర్ "ఏంటండీ, రైల్లో ఉన్నారా?" అనేవాడు. బయటికొస్తే తిత్లీ తుఫాన్‌కి తలలు తెగిన కొబ్బరి మొదళ్ళు. 2018 అక్టోబర్ 11న వచ్చింది అది. రెండేళ్ళు దాటినా కొన్ని అలాగే నిలబడి ఉన్నాయి. వాటి నీడలో కూర్చుని తమ్ముడు ఎకనామిక్స్ చదివాడు.

వారానికి ఒక్క రోజు సెలవు. ఏ రోజో కంపెనీ చెప్తుంది. బస్సులు మే 21 నుంచి మళ్ళీ తిరిగాయి గాని పూండి నుంచి పలాస, అక్కడి నుంచి మెళియాపుట్టి, ఆ పైన నడక. పొద్దున బయల్దేరితే ఊరు చేరేసరికి మధ్యాహ్నం. కూడు తిని అమ్మ మొహం చూసి మళ్ళీ తిరుగు దారి. అలా వెళ్ళడం మానేశాడు అన్న. అరవై కిలోమీటర్ల లోపే ఉండి, హైదరాబాద్‌లో ఉన్నట్టే ఉన్నాడు.

నవంబర్‌లో హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. వాడని ఈఎల్‌లో అయిదు మాత్రమే వచ్చే ఏడాదికి వెళ్తాయి, మిగిలినవి డిసెంబర్ 31తో పోతాయి. అన్నకి పదిహేను మిగిలాయి. అంటే పది పోతాయి.

అన్న మెయిల్ చదివి ఫోన్ పక్కన పెట్టేశాడు. "పోతే పోనీ. ఎక్కడికెళ్తాం ఇప్పుడు?" అన్నాడు.

వాడి టీములో అందరిదీ అదే మాట. ఊర్లు తిరగడానికి లేదు, పెళ్ళిళ్ళు లేవు, ఇంట్లోనే కదా ఉన్నాం, లీవు దండగ. ఇంకో సంగతి కూడా ఉంది, అది వాళ్ళు గట్టిగా అనరు. జూలైలో అన్న బ్యాచ్‌లో కొంతమందిని రేపటి నుంచి లాగిన్ అవ్వొద్దన్నారు. ఎవర్ని ఎందుకు తీశారో ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి అందరూ ఒక నెల కూడా మిస్ కాకుండా అటెండెన్స్ ఇన్సెంటివ్ తెచ్చుకోవాలని చూస్తున్నారు. లీవు పెడితే ఆ నెల ఇన్సెంటివ్ పదిహేను వందలు పోతుంది. పైగా మన పేరు ఒకరి కంట్లో పడుతుంది.

పైగా మార్చిలో ఇళ్ళ నుంచి పని చేయమన్నది తాత్కాలికమని చెప్పారు. కాల్ సెంటర్లు ఇళ్ళ నుంచి నడపడానికి టెలికాం శాఖ ఇచ్చిన సడలింపు ముందు ఏప్రిల్ 30 వరకు, తర్వాత జూలై 31, తర్వాత డిసెంబర్ 31 వరకు పొడిగించారు. నవంబర్ 5న కొత్త మార్గదర్శకాలు వచ్చి ఎక్కడి నుంచైనా చేసుకోవచ్చన్నారు. ఆ వార్త విని మేం సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఎక్కడి నుంచైనా అంటే ఈ రేకుల గది నుంచి ఎప్పటికీ అనా?

తమ్ముడు ఖాళీగా ఉన్నాడు కదా, చట్టాలు చదివాడు. హైదరాబాద్ కంపెనీలకి వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఏడాదిలో 240 రోజులు పని చేస్తే ఆ పై ఏడాది 15 రోజులు జీతంతో సెలవు. అవి 60 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. అప్పటి ఫ్యాక్టరీ చట్టం 1948ది, దాని ప్రకారం ప్రతి ఇరవై పని దినాలకీ ఒక రోజు ఉండేది. ఇంగ్లండ్‌లో అయితే కరోనా వల్ల వాడుకోలేని వాళ్ళకి నాలుగు వారాల లీవు తర్వాతి రెండేళ్ళకి మార్చుకోవచ్చని మార్చిలోనే రూలు మార్చారు. ఇదంతా అన్నకి చదివి వినిపించాం.

"చట్టం నువ్వు చదివావు. లాగిన్ నేనవ్వాలి" అన్నాడు.

ఆ రాత్రి మాట్లాడుకోలేదు. తమ్ముడికి కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే కోపం రావలసింది వాడికి కాదు. ఆ ఉద్యోగం పోతే పోయేది ఒక్క అన్న జీతం కాదు, తమ్ముడి పరీక్ష ఫీజు, బస్ పాస్, మెస్ మూసి ఉన్నప్పటి తిండి. వాడి ఫీజు కోసమే భయపడుతున్న మనిషికి వాడే హక్కుల గురించి చెప్తే ఎలా ఉంటుంది?

రెండ్రోజులకి అమ్మ వచ్చింది. చోడి పిండి, ఎండు చేపలు, ఒక సొరకాయ మోసుకొచ్చింది. అన్న షిఫ్టులో ఉన్నాడు. గుమ్మం బయట కూర్చుంది, రెండు గంటలు. లోపలి మాటలు వింటూనే ఉంది. లంచ్ బ్రేక్‌లో అన్న బయటికి రాగానే అడిగింది, "ఎవలకిరా, పొద్దున్నుంచి అన్నిసార్లు క్షమించండి క్షమించండి అంతన్నావు? ఏటి సేసినావు?"

మేం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

వరి పండింది, కోతకొచ్చింది, అయ్యకి భుజం లేవట్లేదు, మనుషులు దొరకట్లేదు, అదీ ఆవిడ వచ్చిన పని. నోరు విప్పి రమ్మని అడగలేదు. ఉద్యోగం ఉన్న కొడుకుని పొలానికి పిలవడం తప్పనుకుంటుంది. తమ్ముడు ఆగలేక లీవు సంగతి చెప్పేశాడు. సవరలో చెప్పబోతే లీవుకి మాట దొరకలేదు మాకు. గిడుగు రామమూర్తి పంతులు గారి నిఘంటువులో ఉందేమో తెలిసినవాళ్ళు చెప్పండి. "పనికి వెళ్ళని రోజు, కానీ డబ్బు వస్తుంది" అని చెప్పాం.

"పన్లోకి ఎల్లకపోయినా డబ్బులిస్తారేటి?"

"ఇస్తారు. పదిహేను రోజులున్నాయి. వాడకపోతే పది పోతాయి."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆవిడ ఉపాధి పనికి వెళ్తుంది. 2020లో రోజుకి 237 రూపాయల కూలి. వెళ్ళని రోజుకి ఏమీ లేదు. సీజన్లో పలాస వైపు జీడిపప్పు ఒలవడానికి వెళ్ళేది, అక్కడ కిలోల లెక్క. జీడి రసానికి వేళ్ళు నల్లబడి తోలు ఊడొచ్చినా, ఒలిచినదానికే డబ్బు. మా ఇంట్లో, మా గూడలో, పని చేయని రోజుకి కూలి తిన్నవాళ్ళు మాకు తెలిసి ఎవరూ లేరు.

"అయితే తీసుకో మరి" అంది చివరికి. "అది నీ కూలే కదా. ఆళ్ళు దాసిపెట్టినారు, అంతే."

తమ్ముడు వారం రోజులు చదివి చెప్పలేకపోయింది అదే.

అయినా అన్న వెంటనే పెట్టలేదు. వాడి భయం ఎక్కడిదో మాకు తెలుసు. తిత్లీ తర్వాత ఉద్దానం తోటల్లో కూలిన చెట్లు కొట్టే పనికి అయ్య వెళ్ళాడు. నాలుగు రోజులు జ్వరంతోనే గొడ్డలి ఆడించాడు. అయిదో రోజు లేవలేకపోయాడు. ఆరో రోజు వెళ్తే మేస్త్రీ ఇంకొకర్ని పెట్టేసుకున్నాడు. ఆ సంగతి అయ్య ఎప్పుడు చెప్పినా అదేదో తన తప్పయినట్టు చెప్తాడు. ఆ మాటలు వింటూ వచ్చినవాడు హెచ్ఆర్ పోర్టల్లో "అప్లై లీవ్" అన్న బటన్ ఎలా నొక్కుతాడు? వాడికి అది మేస్త్రీకి కబురంపడమే.

నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేశాం. ఆరు రోజులు పెడితే పోయే ఇన్సెంటివ్ పదిహేను వందలు. కోతకి బయట మనుషుల్ని పెడితే అంతకంటే ఎక్కువే అవుతుంది, ముందు దొరకాలి గదా. లెక్క తేలింది. అయినా వేలు కదల్లేదు.

చివరి చిక్కు చాలా చిన్నది. కారణం రాయాలి. అన్న టీములో వాడిది శ్రీకాకుళం అని తెలుసు, అంతే. సవరలమని ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి ఎవరికో కాల్ కట్ అయితే టీమ్ గ్రూపులో "అడవిలో ఉన్నావా" అని జోకు వేశారు. దానికి వీడు కూడా నవ్వు బొమ్మ పెట్టాడు. "ఫ్యామిలీ ఫంక్షన్" అని టైప్ చేశాడు. కొట్టేశాడు. "హెల్త్" అన్నాడు. అదీ కొట్టేశాడు. ఆఖరికి "పాడీ హార్వెస్ట్ ఎట్ మై విలేజ్, నో నెట్‌వర్క్" అని రాసి మా వైపు చూడకుండా నొక్కేశాడు. డిసెంబర్ 14 నుంచి ఆరు రోజులు.

మూడు రోజులు జవాబు లేదు. తర్వాత టీమ్ లీడర్ ఫోన్. ఇంట్లోనే ఉన్నావు కదా, లీవెందుకు అని. అన్న కాసేపు నీళ్ళు నమిలి, "సార్, నేను ఇంట్లో లేను. ఇల్లు వేరే ఉంది" అన్నాడు. ఆయనకి ఏం అర్థమైందో గాని ఆరులో నాలుగు రోజులు వచ్చాయి.

ఊరెళ్ళాం. మొదటి రోజు కోశాం. తొమ్మిది నెలలు కుర్చీలో కూర్చున్న నడుము కదా, మధ్యాహ్నానికే అన్న గట్టు మీద పడుకున్నాడు. అయ్య ఒంటి చేత్తో పనలు కడుతూ ఏమీ అనలేదు, కొంచెం సంబరంగా కూడా ఉన్నాడు. రెండో రోజు సాయంత్రం అన్న కనపడలేదు. వెతికితే బండ మీద నిలబడి ఉన్నాడు. మెసేజీలు చూద్దామని ఎక్కాడట. పదకొండు మిస్డ్ కాల్స్. ఒక ఫైలు ఎక్కడుందని. పూట లాగిన్ అవ్వగలవా అని కూడా. ఫైలు సంగతి చెప్పాడు. లాగిన్ అవ్వలేనన్నాడు. దిగి వచ్చేటప్పుడు మొహం బాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ అడిగి తీసుకుంది. పాత చీర ముక్కలో చుట్టి విత్తనాల కుండలో పెట్టి మూత పెట్టేసింది. మూడో రోజు, నాలుగో రోజు ఆ కుండ వైపు అన్న ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టాం. మొదటి రోజు చాలాసార్లు. రెండో రోజు రెండే. ఆ సాయంత్రానికి కుప్ప వేసేశాం.

ఆరు రోజులు డిసెంబర్ 31న పోయాయి. పోర్టల్లో "లాప్స్‌డ్" అని ఎర్ర అక్షరాలు. అన్న అది చూసి, "నలభై ఎనిమిది గంటల కూలి" అన్నాడు. ఇంతకుముందు అలా లెక్కపెట్టేవాడు కాదు.

అయిదు ఈ ఏడాదికి వచ్చాయి. కందికొత్తల పండగకి ఊరి పెద్దలు రోజు పెట్టారు. అన్న మూడు రోజులు అడిగాడు. కారణం దగ్గర ఈసారి కొట్టేయకుండా "సవర ఫెస్టివల్" అని రాశాడు. ఇది రాస్తున్నప్పటికి ఇంకా అప్రూవ్ కాలేదు. పక్కనే కూర్చుని పేజీ రిఫ్రెష్ చేస్తున్నాడు, బయట గూడ్సు పోతోంది.