బుడగ గుల్ల

సముద్ర మెఱుగని హైదరాబాదులో సముద్రపు గుల్లలకు మాత్రము కొదువ లేదు. 1938లో ఆరంభమై, 1946లో నేటి మైదానమునకు మారిన నాంపల్లి నుమాయిషులో మేము బొటనవ్రేలంత గుల్ల నొకటి కొంటిమి. నున్నగా ఉబ్బి, గోధుమవన్నె మచ్చలతో ముద్దుగా నున్నది. వెంటనున్న మా మేనకోడలు “ఇందులో ఎవరుండేవారు మామయ్యా?” అని యడిగినది.

అది బుడగ నత్త యిల్లు. లాటినున ‘బుల్లా’ యనగా బుడగ. 1758లో స్వీడను పండితుడు లిన్నేయసు దీనికి ‘బుల్లా ఆంపుల్లా’ యని పేరిడెను. మన వేదాంతులు క్షణభంగురమైన దేహమును నీటిబుడగతో పోల్చుదురు. కాని యీ బుడగ జీవితము మిక్కిలి కుదురైనది. పగలు ఇసుకలో దాగి, రాత్రి మేతకు వెడలును. తలమీది డాలువంటి కండతో ఇసుకను త్రోసికొనుచు సాగును. తినునది నాచు. దాని కడుపులో కోడి కందనకాయవంటి సంచి గలదు. అందలి మూడు గట్టి పలకలు ఆ నాచును నూఱును. ఆడుదనము, మగతనము రెండును ప్రతి నత్తయందును గలవు. గ్రుడ్లను జిగురులో పొదిగి పెట్టును.

కాలిఫోర్నియా తీరమున దీని దాయాది యొకటి గలదు. దాని కన్నును వేరుచేసి చీకటిలో నుంచినను అహోరాత్రముల లయ తప్పదు. ఆ కంటిలోని నాడీకణ మొక్కటే వేఱుపడియు ఆ లయను నిలుపుకొనునని 1993లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఈ సంగతులు బాలికచే తెలుగున చదివింపగోరి, ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పఱచిన పాత పుస్తకములలో వెదకితిమి. ఇంగ్లీషున చిన్న పుస్తక మొకటి దొరకెను; తెలుగున దొరకలేదు. మేమే నోటితో చెప్పితిమి. కందనకాయ యనగానే పిల్ల నవ్వి, తక్కినదంతయు చకచక గ్రహించినది. శాస్త్రము వంటింటి మాటలో వచ్చిననాడు బిడ్డలకు పరాయిది కాదు. ఆ మాటలు మనకు లేకపోలేదు; వానిని కూర్చి వ్రాయువారే కావలెను.

పిమ్మట నామె “అయితే దాన్ని చంపి అమ్మారా?” అని యడిగినది. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యుత్తగుల్లయో, ప్రాణిని తీసి యమ్మినదో, చేతిలోని గుల్లను చూచి చెప్పజాలము. ఆ మాటయే చెప్పితిమి. చదువరులారా, ఎఱుక కలిగినవెంటనే బిడ్డకు దయ కలిగినది. నీతిపాఠము లెన్ని వల్లె వేయించినను ఇంత త్వరగా కలుగునా?