పుట్టగొడుగు కింద చోటు

మంగంపేట అనగానే అందరికీ ముగ్గురాయి గుర్తొస్తుంది. చమురు బావులు తవ్వే పనికి మా నేలలోని రాయి పొడై దేశాలు దాటి పోతుంది. ఆ గనుల పక్కన బతికే యానాదులం మేము. దూరదేశం నుంచి మా వాడకు వచ్చింది మాత్రం ఒక బొమ్మల కథ.

రాసిందీ, బొమ్మలు గీసిందీ ఒకరే, వ్లదీమిర్ సుతేయేవ్ (1903–1993). మాస్కోలో పుట్టిన ఆయన పిల్లల కార్టూన్ సినిమాలు కూడా తీశాడు. కథ చిన్నది. వానకు చీమ పుట్టగొడుగు కిందికి దూరుతుంది. తర్వాత సీతాకోకచిలుక, చిట్టెలుక, పిచ్చుక, నక్క తరిమిన కుందేలు వస్తాయి. అన్నీ సర్దుకుంటాయి.

సాయంత్రం వేపచెట్టు కింద బొమ్మలు చూపిస్తూ మా మాటల్లో చెప్పాం. బడిలో నోరు విప్పని పిల్లలు ఇక్కడ ఆగలేదు. "అక్కా, ఇది తినేదేనా? అవ్వకు చూపించకుండా పెరకకూడదు" అంది ఒక పాప. ఒక్క చీమకే ఇరుకైన చోట ఇంతమంది ఎట్లా పట్టారని అడిగాం. పుస్తకంలో ఆ సంగతి చివర కప్ప పూర్తిగా చెప్పకుండానే వెళ్లిపోతుంది. మా పిల్లలు పేజీ తిప్పకముందే అరిచారు: "వాన పడింది గదా, పెరిగింది!"

అవ్వల వెంట చెదపుట్టల చుట్టూ తిరిగి నేర్చుకున్న చదువది. దాన్ని ఎవరూ అడగలేదు గనుక "వీళ్లకేమీ రాదు" అని పేరు పడింది. పాఠం చెప్పేవారిని మేం కోరేది ఒకటే, వాళ్లకు తెలిసినదాంతో మొదలుపెట్టండి.

ఇప్పుడా పాపే చిన్నోళ్లకు కథ చెబుతోంది. అక్షరాలు ఇంకా పూర్తిగా రాలేదు. పేజీ మాత్రం సరైన చోటే తిప్పుతుంది.