నావపై ఆవిరిస్నానము

ఫిన్లండు దేశమున జనులు సుమారు 55 లక్షలు. ఆవిరిస్నానపు గదులు 30 లక్షలకు పైగా నున్నవి. వీనిని వారు ‘సౌనా’ లందురు. ఇండ్లయందే గాక సరస్సులపై దేలు బల్లతెప్పలమీదను వీనిని గట్టుకొందురు. లక్షా ఎనుబదివేలకు మించిన సరస్సులు గల దేశమున నిది వింత గాదు.

సైమా సరస్సున నే నెక్కిన తెప్పపై పలకలతో గట్టిన చిన్నగది యొకటి కలదు. అందు ఇనుపపొయ్యి, దానిపై రాళ్లు. గదిలో వేడి 80 మొదలు 100 డిగ్రీల వఱకు నుండును. అంత వేడిలో మనుష్యు లెట్లుందురని సోదరీమణులు శంకింపవచ్చును. గాలి పొడిగా నుండుటచే చెమట వెంటనే యాఱి దేహమును కాపాడును. రాళ్లపై గరిటెడు నీరు చల్లినప్పుడు లేచు నావిరికి ‘లోయ్‌లు’ అని పేరు. అది మొదట చెవులను తాకి, పిమ్మట వీపునంతయు గప్పును. ఆకులతోడి భూర్జపు రెమ్మలను కట్టగట్టి ఒడలిపై తట్టుకొందురు. మన పూర్వులు వ్రాతకు వాడిన భూర్జపత్రము ఈ జాతి చెట్టుదే.

వస్త్రము లేకయే స్నానము చేయుట వారి యాచారము. నాకది రుచింపలేదు, తువాలు చుట్టుకొని కూర్చుంటిని. తోడి స్త్రీలలో ఎవరును నవ్వలేదు, నావంక చూడనైన లేదు.

తెప్ప యజమానురాలగు అవ్వ, తన తల్లి సౌనాలోనే పుట్టెనని చెప్పెను. పూర్వము పల్లెలలో ప్రసవము లా గదులందే జరిగెడివి. వేడినీరు, వెచ్చదనము, ఏకాంతము మూడును అచ్చటనే దొరకును. ఇంటిలో నంతకంటె శుభ్రమైన చోటు లేదు. చనిపోయినవారిని కడుగుటయు నచ్చటనే. 20వ శతాబ్దమున ఆసుపత్రులు వ్యాపించిన పిమ్మట నా వాడుక అంతరించెను. మన యిండ్లలో పెక్కుచోట్ల బాలింతను గాలి వెలుతురు లేని మూలగదిలో నుంచి, మైల యని దూరముగా నిలిచితిమి. వారో, మాటలైన మెల్లగా నాడవలసినంత పవిత్రమని తలచిన చోటనే తల్లిని పరుండబెట్టిరి. ఈ భేదము నా మనస్సును మిక్కిలి నొప్పించెను.

పావుగంట కాగిన పిమ్మట నిచ్చెనమీదుగా సరస్సులోనికి దిగుదురు. గుండెజబ్బు గలవారు వైద్యుని యడుగక ఈ సాహసము చేయరాదు. మద్యము పుచ్చుకొని దిగుట ప్రాణాపాయము.

2020లో యునెస్కో వారు ఈ యాచారమును మానవజాతి వారసత్వములలో చేర్చిరి. అవ్వ కా సంగతిపై నంత యాసక్తి లేదు. జూన్ మాసాంతమగుటచే రాత్రి పదిగంటలైనను ప్రొద్దు క్రుంకలేదు. ఆమె తడి జుట్టు ఆరబెట్టుకొనుచు, పొయ్యిలో నింకొక కఱ్ఱ వేసి, మరల రమ్మని నాకు సైగచేసెను.